సాంబ మసూరికి తెగులును తట్టుకొనే జన్యువులు

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న కెంచనగుడ్డ పరిసరాలది వరి మాగాణి. విజయనగర కాలపు కాలువలూ తర్వాతి కాలపు తుంగభద్ర ఆయకట్టూ నీరందించే ఈ సీమలో సన్నబియ్యం కోసం రైతులు ఎంచుకొనే రకాల్లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ముఖ్యమైనది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ రకానికి సన్నని గింజా అన్నం రుచీ ఎంత పేరు తెచ్చాయో, బాక్టీరియా ఎండాకు తెగులుకు తేలిగ్గా లొంగే గుణం రైతుకు అంత నష్టం తెచ్చింది. ఆకు అంచుల వెంట పసుపు చారలుగా మొదలై ఆకునంతా ఎండబెట్టే ఈ తెగులు గాలివానలకు వ్యాపిస్తుంది, నత్రజని ఎరువు మితిమీరితే ముదురుతుంది. దీన్ని గట్టిగా అదుపుచేసే మందు లేనందున మొక్కలోనే నిరోధక శక్తి ఉండాలి.

ఆ శక్తినిచ్చే జన్యువులు ఇతర వరుల్లో ఉన్నాయి. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ 21 జన్యువును 1995లో వేరుచేశారు; బాక్టీరియా ఉనికిని కణం ఉపరితలంలోనే పసిగట్టే ప్రోటీన్‌ను అది తయారుచేయిస్తుంది. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అనే మరో రెండు మాత్రం అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అందితేనే రక్షణనిస్తాయి. ఒక్క జన్యువునే నమ్ముకుంటే బాక్టీరియా రూపం మార్చుకొని దాన్ని దాటగలదు గనుక మూడింటినీ ఒకే మొక్కలో కూర్చడం మేలు. అయితే ఎక్స్‌ఏ 21 ఒక్కటే ఉన్న మొక్కా మూడూ ఉన్న మొక్కా తెగులు పరీక్షలో దాదాపు ఒకేలా నిలుస్తాయి, అంతర్గత జన్యువు ఒక్క ప్రతిగా ఉన్న సంకర మొక్కలో దాని జాడే కనిపించదు. ఎంత అనుభవమున్న ప్రజననకారుడైనా కంటితో ఎంచలేని చోటు ఇదే.

ఇక్కడే డీఎన్ఏ సమాచారం అక్కరకు వచ్చింది. జన్యువుకు ఆనుకొని, దానితోపాటే సంతతికి సంక్రమించే డీఎన్ఏ గుర్తును మార్కర్ అంటారు. నారు దశలోనే ఆకు ముక్క తీసి పరీక్షిస్తే ఏ మొక్కలో ఏ జన్యువుందో తెలుస్తుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు మూడు జన్యువులున్న మొక్కను సాంబ మసూరితో సంకరించి, ఆ సంతతిని మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలో ఒకవైపు ఆ మూడు జన్యువుల కోసం, మరోవైపు మిగిలిన జన్యుసంపద అంతా సాంబ మసూరిదేనా అని వెతికారు. నిజానికి ఈ రెండో వెతుకులాటే అన్నం రుచిని కాపాడింది. 2008లో విడుదలైన ఆ రకమే మెరుగైన సాంబ మసూరి. దాని అన్నానికి గ్లైసీమిక్ సూచిక తక్కువగా, 51 దరిదాపుల్లో ఉన్నట్టు తర్వాతి పరీక్షల్లో తేలింది.

సుమారు 38.9 కోట్ల డీఎన్ఏ అక్షరాలున్న వరి జన్యుపాఠం దాదాపు మొత్తంగా 2005లో వెలువడింది. 11వ క్రోమోజోమ్ పఠనంలో భారతదేశానికీ భాగముంది. ఆ పాఠం చేతికొచ్చాక పరిశోధన జన్యువును వెలుపలి నుంచి తేవడంతో ఆగక, ఉన్నదాన్నే సవరించే దశకు చేరింది. 2025 మే నెలలో ప్రకటించిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల, సాంబ మసూరిలోనే కంకికి గింజల సంఖ్యను అదుపుచేసే జన్యువును మార్చి రూపొందించిన రకం. మెరుగైన సాంబ మసూరి మాత్రం సవరణతో కాక సంకరణతో వచ్చింది, పైగా ఏటా కొత్త విత్తనం కొనాల్సిన హైబ్రిడ్ కాదు గనుక, కెంచనగుడ్డ రైతు కల్తీ లేని విత్తనం ఒకసారి సంపాదిస్తే తన పంటలోంచే మరుసటి ఏటికి దాచుకోవచ్చు.