సౌర పంపుసెట్ల పనితీరు పర్యవేక్షణ: తక్కువ ఖర్చు పద్ధతులు

విద్యుత్ మోటారు కాలిపోతే నీరు ఆగిపోతుంది. లోపం వెంటనే తెలుస్తుంది. సౌర పంపుసెట్టు అలా కాదు. ఫలకాలపై దుమ్ము పేరుకున్నా, కలుపు తీగల నీడ పడినా, ఒక తీగ అతుకు వదులైనా పంపు నడుస్తూనే ఉంటుంది. నీరు మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతుంది. వేరుశనగలో ఊడలు దిగే దశలోనో, మిరపలో పూత దశలోనో తడి చాలనప్పుడు గాని రైతు దానిని గుర్తించడు. అప్పుడు సైతం బోరులో నీరు తగ్గిందని భావించి మరో బోరు వేయడానికి అప్పు చేసే ప్రమాదం ఉంది. లోపం బోరులో ఉన్నదా, ఫలకాలలో ఉన్నదా అని నిర్ధారించడం అందుకే ముఖ్యం. ఇందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు.

మొదటి కొలత: నీరు

200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్ ఉంటే చాలు. డ్రమ్ము 50 సెకన్లలో నిండితే ప్రవాహం సెకనుకు 4 లీటర్లు, అంటే గంటకు 14.4 ఘనపు మీటర్లు. ఈ అంకెను నీటిని ఎత్తిన మొత్తం ఎత్తుతో గుణించి 367తో భాగిస్తే నీటికి అందిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. బోరులో నీటిమట్టం, పైపులలో ఘర్షణ కలిపి ఎత్తు 30 మీటర్లయితే ఈ శక్తి 1.18 కిలోవాట్లు. పంపు నడుస్తున్నప్పటి నీటిమట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

రెండవ కొలత: విద్యుత్తు

చాలా కంట్రోలర్ల తెరపై వోల్టేజి, కరెంటు, శక్తి, ఫ్రీక్వెన్సీ కనిపిస్తాయి. తెర పనిచేయనిచోట డి.సి. కరెంటును కొలవగల క్లాంప్ మీటరును వాడాలి, ఎ.సి.కి మాత్రమే ఉద్దేశించిన మీటరు ఇక్కడ పనికిరాదు. ఫలకాల వరుసలో వందలాది వోల్టుల డి.సి. ఉంటుంది గనుక, నడుస్తున్న వ్యవస్థలో తీగల జోళ్లను ఊడదీయరాదు. కొలతను శిక్షణ పొందిన సిబ్బందే చేయాలి.

పై ఉదాహరణలో కంట్రోలరు 2.6 కిలోవాట్లు చూపితే, అందులో 45 శాతం నీటికి చేరినట్లు.

మూడవ కొలత: ఎండ

ఎండ ఎంత ఉన్నదో తెలియకుండా 2.6 కిలోవాట్లు మంచి అంకెనా కాదా అని చెప్పలేము. ప్రామాణిక పైరనోమీటరు ఖరీదైనది. దానికి బదులు 10 వాట్ల చిన్న ఫలకాన్ని పెద్ద ఫలకాల వాలులోనే, అదే దిక్కుకు అమర్చవచ్చు. దాని షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎండ తీవ్రతకు దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో ఎంత కరెంటు రావాలో ఫలకం వెనుక చీటీపై ముద్రించి ఉంటుంది. అది 0.62 ఆంపియర్లు ఉండి, కొలిచినది 0.50 అయితే, ఎండ చదరపు మీటరుకు సుమారు 806 వాట్లు.

ఉష్ణోగ్రతను కూడా లెక్కించాలి. ఫలకాల సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిర్ణయిస్తారు. స్ఫటిక సిలికాన్ ఫలకాలలో ఆపై ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం శక్తి తగ్గుతుంది. ఫలకం 60 డిగ్రీలకు వేడెక్కితే 14 శాతం తగ్గుదల సహజం. అది లోపం కాదు. 5 హెచ్.పి. పంపుకు అమర్చే 4.8 కిలోవాట్ల ఫలకాల నుండి ఈ ఎండలో, ఈ వేడిలో సుమారు 3.3 కిలోవాట్లు రావాలి. వచ్చినది 2.6 అయితే రావలసినదానిలో 78 శాతమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పంపు పూర్తి ఫ్రీక్వెన్సీ అందుకున్న తరువాత కంట్రోలరు అదనపు శక్తిని తీసుకోదు. ఆ సమయంలో కనిపించే తక్కువ అంకెను ఫలకాల లోపంగా భావించరాదు. ఫ్రీక్వెన్సీ గరిష్ఠానికి చేరని వేళలోనే ఈ పోలిక చెల్లుతుంది.

దుమ్ము నష్టం అంచనా

ఒకే రకమైన రెండు చిన్న ఫలకాలను పక్కపక్కన అమర్చి, ఒకదానిని రోజూ తుడిచి, రెండవదానిని వదిలివేయాలి. మొదటి రోజు రెండింటి కొలతల మధ్య తేడాను నమోదు చేసి సరిచేసుకోవాలి. కొన్ని వారాల తరువాత శుభ్రమైనది 0.56, రెండవది 0.50 ఆంపియర్లు చూపితే దుమ్ము వల్ల నష్టం సుమారు 11 శాతం. ఎన్నాళ్లకొకసారి కడగాలో ప్రాంతాన్ని బట్టి ఈ అంకెయే చెబుతుంది. ఫలకాలు వేడెక్కకముందే, ఉదయం వేళ కడగడం మంచిది.

విద్యార్థుల పరిశోధనలకు ఇ.ఎస్.పి.32 బోర్డు, ఐ.ఎన్.ఎ.219 కరెంటు సెన్సరు, డి.ఎస్.18బి20 ఉష్ణోగ్రత సెన్సరుతో ఈ కొలతలను నిరంతరం నమోదు చేసే లాగర్‌ను తయారుచేసుకోవచ్చు. అయితే ఐ.ఎన్.ఎ.219 పరిమితి 26 వోల్టులే. దానిని చిన్న ఫలకానికే కలపాలి, పంపు ఫలకాల వరుసకు ఎంతమాత్రమూ కలపరాదు.

కొలతల నుండి నిర్ణయం

ఒకే స్థాయి ఎండలో తీసుకున్న పాత, కొత్త కొలతలను పోల్చాలి.

- విద్యుత్తు తగ్గకుండా నీరు తగ్గితే: బోరులో నీటిమట్టం పడిపోవడం, పైపు లీకు, పంపు అరుగుదల. ముందు నీటిమట్టాన్ని కొలవాలి.
- విద్యుత్తు, నీరు రెండూ తగ్గితే: దుమ్ము, నీడ, వదులైన అతుకులు, చెడిన ఫలకం.
- కడిగి, నీడ తొలగించిన తరువాత కూడా విద్యుత్తు పెరగకపోతే: సరఫరాదారుకు ఫిర్యాదు చేయాలి.

2019లో ప్రారంభమైన పి.ఎం.-కుసుమ్ పథకం కింద అమర్చిన పంపులకు అయిదేళ్ల నిర్వహణ బాధ్యత సరఫరాదారుదే. "నీరు తగ్గింది" అన్న మాటకన్నా తేదీ, వేళ, ఎండ, కరెంటు, ప్రవాహం వేసిన పట్టిక ఫిర్యాదుకు ఎక్కువ బలమిస్తుంది. అమర్చిన తొలి వారంలోనే మొదటి కొలతలు తీసుకుని, తరువాత నెలకొకసారి నమోదు చేస్తే ఈ పట్టిక సిద్ధమవుతుంది. తొలి కొలత లేనిచోట తరువాతి తగ్గుదలను నిరూపించడం కష్టం. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు పంపు ప్రారంభించిన రోజుననే రైతు చేత ఈ పుస్తకాన్ని తెరిపించడం అవసరం.