చదరంగం గళ్లలో బియ్యపు గింజలు

మొన్న సాయంత్రం బియ్యం కడుగుతుంటే మా అమ్మాయి హోమ్‌వర్క్ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. సెవెంత్ గ్రేడ్. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని? మనం చిన్నప్పుడు విన్న కథే. జవాబు కూడా అందులోనే ఇచ్చారు: 18,446,744,073,709,551,615. దీన్ని ప్రైమ్ నంబర్లుగా విడగొడితే ఎక్స్‌ట్రా పాయింట్లట, కాలిక్యులేటర్ ముట్టుకోకూడదట.

"ఏదీ, ఇలా తే" అన్నాను.

"వద్దులే అమ్మా, నాన్న వచ్చాక అడుగుతా."

నేను బీఎస్సీ మ్యాథ్స్. డిపెండెంట్ వీసా మీద వచ్చి పదమూడేళ్లయింది. ఆ సంగతి దానికి చెప్పే ఉంటాను, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. కోపం రాలేదు కానీ, గుచ్చుకుంది.

చేతులు తుడుచుకుని కూర్చున్నాను. ముందు కామాలు మన పద్ధతిలో మార్చి రాశాను: 1,84,46,74,40,73,70,95,51,615. సుమారు 1,84,467 కోట్ల కోట్లు! చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది. కానీ ఇలా ఒక్కొక్కటే భాగిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ఇది 2 పవర్ 64లోంచి 1 తీసేస్తే వచ్చిన సంఖ్య కదా! హైస్కూల్లో బట్టీ పట్టిన ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ సూత్రం చాలు. 2 పవర్ 32 ప్లస్ 1 ఒక ముక్క, 2 పవర్ 32 మైనస్ 1 ఇంకో ముక్క. ఆ మైనస్ ముక్క మళ్లీ అలాగే రెండవుతుంది. ఉల్లిపొరల్లా ఊడుతూ చివరికి మిగిలినవి 3, 5, 17, 257, 65537, 4294967297.

"ఇంక విడిపోవు, అయిపోయింది" అన్నాను ధీమాగా.

"నీకెలా తెలుసు?"

తెలియదు. వరస చూసి అనేశాను. 17వ శతాబ్దంలో ఫెర్మా కూడా ఇలాంటి సంఖ్యలన్నీ ప్రైమ్‌లే అనుకున్నాడు. మొదటి ఐదూ నిజంగా ప్రైమ్‌లే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విడగొట్టేశాడు. దేనితోనో ఎంతకీ గుర్తు రాలేదు, దారి మాత్రం గుర్తుంది. దాన్ని భాగించే ప్రైమ్ ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రైమ్‌లు వరసగా 193, 257, 449, 577, 641... చెరో కాగితం తీసుకున్నాం. మొదటి నాలుగింటికీ శేషం మిగిలింది. 641 దాని వంతుకి వచ్చింది. రెండుసార్లు తప్పు చేసి, చెరిపి, మూడోసారి సున్నా తెచ్చింది. భాగఫలం 6700417.

వాళ్ల నాన్న వచ్చేసరికి బియ్యం ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. అది తలెత్తలేదు.

"అమ్మా, ఈ 6700417 ప్రైమేనా?"

అవునని నాకు తెలుసు. ఆయిలర్‌కి వచ్చిన రెండు ముక్కలూ ప్రైమ్‌లేనని మా లెక్చరర్ చెప్పారు. దానికి మాత్రం చెప్పలేదు. వర్గమూలం దాకా, అంటే 2588 వరకూ చూస్తే చాలన్నాను. 641నే ఇంకోసారి పెట్టి చూసి, పోకపోయేసరికి 769 మొదలుపెట్టింది.