కొనేవాళ్లు అడుగుపెట్టని కొట్టు

హైదరాబాద్‌లో కొండాపూర్ వైపో కూకట్‌పల్లి వైపో ఒక సందులో పది పదిహేను బైకులు ఆగి, భుజాన సంచులతో కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ నిలబడి ఉంటే, అక్కడ డార్క్ స్టోర్ ఉందని లెక్క. లోపల అరల నిండా పప్పులు, షాంపూలు, ఐస్‌క్రీములు. కొనేవాళ్లను మాత్రం రానివ్వరు. ఆర్డరు పడగానే లోపలి మనిషికి కందిపప్పు ఏ వరసలో ఏ అరలో ఉందో చేతిలోని ఫోను చూపిస్తుంది. తీసి, స్కాన్ చేసి, సంచిలో వేసి బయటికి అందిస్తాడు.

వింతగా ఉంది గానీ, వెనకటి కిరాణా కొట్లోనూ ఇదే తంతు. చీటీ ఇస్తే గుమాస్తా తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవాడు. అమెరికాలోనూ అంతే. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' తెరిచి, జనం చేతికి బుట్ట ఇచ్చి మీరే ఏరుకోండి అన్నాడు. గుమాస్తా చేసే పని కొనేవాళ్లకు బదిలీ అయింది, అదీ జీతం లేకుండా. 2020 నుంచి డార్క్ స్టోర్లతో మన నగరాలకొచ్చిన ఇన్‌స్టామార్ట్, జెప్టో, బ్లింకిట్ దాన్ని మళ్లీ గుమాస్తాకే అప్పగించాయి.

బిల్లు వేసే పనిని యంత్రాలతో చేయించాలని చూసినవాళ్లూ ఉన్నారు. 2018 జనవరిలో సియాటిల్‌లో అమెజాన్ గో దుకాణం మొదలైంది. పైన కెమెరాలు, అరల్లో బరువు పసిగట్టే సెన్సర్లు. కావలసింది తీసుకుని బయటికి నడిస్తే చాలు, డబ్బు దానంతటదే కట్ అయ్యేది. పెద్ద దుకాణాల్లో అది నిలవలేదు. కొంటూ కొంటూనే లెక్క చూసుకోవాలని జనం అడుగుతున్నారంటూ, 2024లో ఆ సంస్థ తన ఫ్రెష్ దుకాణాల నుంచి దాన్ని తీసేసి, వేసిన సరుకును లెక్కగట్టే తోపుడు బండ్ల వైపు మళ్లింది. ఇంగ్లండ్‌లో బూత్స్ అనే సంస్థ 2023లో చాలా దుకాణాల్లో సెల్ఫ్ చెకౌట్ యంత్రాలు ఎత్తేసి మనుషుల్నే కూర్చోబెట్టింది.

పెద్దగా ఎవరి కంటా పడకుండా వస్తున్న మార్పు ప్యాకెట్ మీదే ఉంది. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైన గీతల బార్‌కోడ్ పక్కకి, క్యూఆర్ లాంటి చదరపు కోడ్ వస్తోంది. 2027 చివరికల్లా దుకాణాల స్కానర్లన్నీ దాన్ని చదవగలగాలని బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ లక్ష్యం. ఇందులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా పడతాయి. గడువు దాటిన పెరుగు కప్పును బిల్లింగ్ కౌంటరే ఆపేయగలదు. తేదీ కోసం కప్పును అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు వెతుక్కునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ధర చీటీలూ మారుతున్నాయి. 2026కల్లా 2,300 దుకాణాల్లో అరలకు డిజిటల్ ధర పలకలు పెడతామని వాల్‌మార్ట్ 2024లో ప్రకటించింది. రెండు రోజులు పట్టే ధరల మార్పు నిమిషాల్లో అయిపోతుంది. మరి రద్దీ వేళ ధర పెంచితే? అమెరికాలో ఈ అనుమానం గట్టిగానే వినిపించింది. మన దగ్గర ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది గనక దాన్ని దాటడానికి చట్టం ఒప్పుకోదు. టమాటాకు, వంకాయకు ఆ రక్షణ లేదు. కాబట్టి చూసుకోవలసింది అక్కడే.

నెదర్లాండ్స్‌లో జంబో అనే సంస్థ 2019లో ఈ వేగానికి ఎదురు దారి పట్టింది. కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా బిల్లు కట్టేవాళ్ల కోసం, ముఖ్యంగా ఒంటరి పెద్దవాళ్ల కోసం, ప్రత్యేక కౌంటరు పెట్టింది. తర్వాత అలాంటి కౌంటర్లను 200 దుకాణాలకు విస్తరిస్తామంది.

మన వీధి కొట్టు ఈ కొత్తా పాతా రెండూ కలిపేసుకుంది. డబ్బు పడగానే గల్లాపెట్టె పక్కన స్పీకరు తెలుగులో పలుకుతుంది. నెల సరుకుల చీటీ ఫొటోగా వాట్సాప్‌లో వస్తుంది. అంతా సర్దాక కొట్టాయన ఫోన్ చేస్తాడు: "అమ్మా, సోనా మసూరి కొత్తవే ఉన్నాయి, అన్నం ముద్దవుతుంది. పాతవి ఎల్లుండి వస్తాయి, ఆగుతారా?"