కేకుతో తాగితే షాంపేన్ ఎందుకు పుల్లబడుతుంది?

డిసెంబరు 31 రాత్రి పన్నెండు కాగానే ఒకరు కేకు కోస్తారు, ఇంకొకరు షాంపేన్ బిరడా ఎగరగొడతారు. ఈ రెండూ కలిసే జరగాలన్నది ఇప్పుడు చాలా దేశాల్లో ఆనవాయితీ. అయితే క్రీము కేకు ముక్క తిన్న నోటితో ఆ గ్లాసు అందుకుంటే నాలుకకు తగిలేది పులుపు, దాని వెనకే కాస్త చేదు. వేలు పోసి కొన్నది ఇదేనా అనిపిస్తుంది. సీసాలో లోపమేమీ లేదు. షాంపేన్ రుచి మారిపోయి వందేళ్లు దాటింది. దాన్ని తీపితో పాటు, విందు చివర్లో తెచ్చే అలవాటు మాత్రం పాతదే మిగిలింది.

షాంపేన్ అంటే ఫ్రాన్స్ ఈశాన్యాన రీమ్స్, ఎపర్నే పట్టణాల చుట్టూ ఉన్న ప్రాంతం. అక్కడి వైన్‌కే ఆ పేరు. చలి ప్రాంతం కాబట్టి ద్రాక్షలో పులుపు ఎక్కువగా నిలుస్తుంది. ఒకసారి పులిసిన వైన్‌ను సీసాల్లో నింపి, కొంచెం చక్కెర, ఈస్ట్ కలిపి మళ్లీ పులియబెడతారు. పుట్టిన గ్యాస్‌కు బయటికి దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. లోపలి ఒత్తిడి సుమారు 6 అట్మాస్ఫియర్ల దాకా వెళుతుంది. కారు టైరులో ఉండేదానికి ఇది రెండు రెట్లకు పైనే. చివర్లో ఈస్ట్ మడ్డి తీసేసి, చక్కెర కలిపిన వైన్ కొద్దిగా పోసి బిరడా బిగిస్తారు. ఏ వంటకంతో ఏ సీసా అన్నది చాలావరకు ఈ చివరి చక్కెరే తేలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ చక్కెర ఎంత ఉండేదో సముద్రం అడుగున తెలిసింది. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవుల దగ్గర, మునిగిపోయిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. వయసు సుమారు 170 ఏళ్లు. 2015లో వెలువడిన పరీక్షా ఫలితాల ప్రకారం ఆ వైన్‌లో లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉంది. నేటి కోలా డ్రింకుల్లో ఉండేది దాదాపు 105 గ్రాములే. అంత తియ్యటి పానీయం మిఠాయిలకు జోడీగా కుదిరిందంటే ఆశ్చర్యం లేదు. మార్పు తెచ్చినవారు ఆంగ్లేయులు. తీపి కోసం వాళ్లకు పోర్ట్ లాంటి వైన్లు ముందే ఉన్నాయి, షాంపేన్ మాత్రం తీపి లేకుండా కావాలన్నారు. మదామ్ పొమ్మెరీ సంస్థ 1874 పంటతో చేసిన బ్రూట్ అక్కడ బాగా నడిచింది. తర్వాత మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. ఇవాళ దుకాణాల్లో కనిపించే సీసాల్లో ఎక్కువ భాగం బ్రూటే. అందులో చక్కెర లీటరుకు 12 గ్రాములు దాటకూడదు.

అలాంటి వైన్ కేకు పక్కన ఎందుకు తేలిపోతుందో మనకు కాఫీ ద్వారా తెలుసు. మైసూర్‌పాక్ తిన్న వెంటనే తాగితే, చక్కెర వేసిన కాఫీ కూడా చేదుగానే ఉంటుంది. నాలుక ఎక్కువ తీపికి అలవాటు పడ్డాక తక్కువ తీపి లెక్కలోకి రాదు. బ్రూట్‌లోని ఆ కాస్త చక్కెర కనుమరుగై పులుపు ఒక్కటే మిగులుతుంది.

ఉప్పు, కొవ్వు పక్కన వ్యవహారం తిరగబడుతుంది. మిరపకాయ బజ్జీ మీద నిమ్మరసం ఎందుకు పిండుతామో అందుకే వేపుళ్లతో షాంపేన్ బాగుంటుంది. పులుపు, బుడగలు కలిసి నోట్లోని జిడ్డును కడిగేస్తాయి. ఉప్పు వల్ల వైన్ పులుపు మెత్తబడినట్టు తోస్తుంది. ఖరీదైన కేవియార్ అక్కర్లేదు, మామూలు ఆలూ చిప్స్‌తోనే దీన్ని పరీక్షించుకోవచ్చు.

ఫ్రెంచివారి క్రిస్మస్ రాత్రి విందు 'రెవెయోన్' కూడా చాలా ఇళ్లలో ఆయిస్టర్లతో, అంటే పచ్చి ఆల్చిప్పలతో మొదలవుతుంది. షాంపేన్‌తో వీటికి కుదిరిన జోడీ వెనక ఉప్పు ఒక్కటే లేదు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో దీన్ని వివరించారు. సీసాలో చనిపోయిన ఈస్ట్ నుంచి గ్లుటమేట్ విడుదలవుతుంది, ఆల్చిప్పల్లో న్యూక్లియోటైడ్లు ఉంటాయి. ఇవి కలిసినప్పుడు మాంసపు రసం లాంటి 'ఉమామి' రుచి విడివిడిగా ఉన్నప్పటికంటే పెరుగుతుంది. ఈస్ట్ మడ్డి మీద ఎక్కువ కాలం ఉంచిన, చక్కెర 6 గ్రాములు మించని ఎక్స్‌ట్రా బ్రూట్ ఇక్కడ సరైన ఎంపిక.

ఆ తర్వాత వచ్చే టర్కీ కోడికి కాస్త బరువైన వైన్ కావాలి. నల్ల ద్రాక్షతోనే చేసే 'బ్లాఁ ద న్వార్' రకం సరిపోతుంది. హామ్, బాతు మాంసం ఉంటే గులాబీ రంగు రోజే మేలు. చివర్లో దుంగ ఆకారంలో చేసిన చాక్లెట్ కేకు వస్తుంది. దాని పక్కన ఏ షాంపేనూ నిలవదు, కాఫీ ఇచ్చేయడమే నయం. తీపితో షాంపేన్ ఉండి తీరాలంటే 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉండే 'డెమీ సెక్' తెచ్చి, పక్కన పండ్లతో చేసిన తేలికపాటి టార్ట్ పెట్టాలి. వంటకం కన్నా వైన్ కాస్త తియ్యగా ఉండాలన్నదే లెక్క. లేబుల్ మీద 'ఎక్స్‌ట్రా డ్రై' అని చూసి మోసపోవద్దు, అది బ్రూట్ కన్నా తియ్యన.

మన వంటల దగ్గర అడ్డొచ్చేది మసాలా కాదు, కారం. మిరప మంటను ఆల్కహాల్ ఎగదోస్తుంది, బుడగల చురుకు దానికి తోడవుతుంది. గుంటూరు కారంతో చేసిన కోడి వేపుడు పక్కన బ్రూట్ పెడితే రెండూ పాడవుతాయి. పలాస జీడిపప్పును నేతిలో వేయించి ఉప్పు చల్లితే మాత్రం మంచి జత. కారం తగ్గించిన చేప వేపుడు, మలై టిక్కా కూడా అంతే. దిగుమతి వైన్‌పై మన దేశం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేసింది కాబట్టి అసలు షాంపేన్ అందరికీ అందేది కాదు. నాసిక్ ప్రాంతంలో సులా, షాండన్ సంస్థలు సీసాలోనే పులియబెట్టే పద్ధతిలో తయారుచేస్తున్న స్పార్క్‌లింగ్ వైన్లకూ ఈ జోడీలన్నీ వర్తిస్తాయి.

సీసాను ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచాలి, ఫ్రీజర్‌లో మరచిపోతే పగిలే ప్రమాదం ఉంది. తాగేటప్పుడు 8 నుంచి 10 డిగ్రీలు ఉంటే చాలు. తీసేటప్పుడు మనుషుల వైపు కాకుండా ఏటవాలుగా పట్టుకుని, బిరడాను గట్టిగా అదిమి, సీసానే మెల్లగా తిప్పాలి. 750 మిల్లీలీటర్ల సీసా ఆరు గ్లాసులకు వస్తుంది. పన్నెండు మంది అతిథులుంటే విందు మొదట్లో, ఆకలి మీద ఉన్నప్పుడు, రెండు సీసాలు సరిపోతాయి. అర్ధరాత్రే తెరవాలని ఇంట్లో పిల్లలు పట్టుబడితే పక్కన ఉప్పు జీడిపప్పు పళ్లెం పెట్టి, కేకు కోయడం ఓ పావుగంట వాయిదా వేయండి.