పెంకు దించితే తేలే లెక్క

కారే కప్పు మార్చాలంటే ముందు చూడాల్సింది వాసాలనూ గోడలనూ. సూరత్‌లోని కతర్‌గామ్ నుంచి సిరిసిల్ల దాకా ఇదే కథ.

శీతకాలం వస్తే గుజరాతీ వంటింట్లో ఊంధియు ఉడకాల్సిందే. అందులోకి కతర్‌గామ్ పాపడీ చిక్కుడైతేనే రుచి అంటారు సూరత్ వాళ్లు. ఆ చిక్కుడుకు పేరిచ్చిన ఊరు ఇప్పుడు వజ్రాలు సానబట్టే కార్ఖానాల పేట. అడుగు నేల కూడా ఖరీదే. అలాంటిచోట మిగిలిన పెంకుటిల్లు ఏటా వానాకాలానికి ముందు ఒకే ప్రశ్న వేస్తుంది: పెంకు తిరగేయించాలా, రేకు వేయాలా, స్లాబు పోయాలా?

ఇల్లు కారితే అందరి కళ్లూ పెంకు మీదికే పోతాయి. తప్పు చాలాసార్లు దాని కింద కర్రది. తెలుగు పల్లెల్లో బెంగుళూరు పెంకు అని పిలిచే గాడి పెంకుకు మన దేశంలో పుట్టిల్లు మంగళూరు. బాసెల్ మిషన్‌కు చెందిన జర్మన్ జార్జ్ ప్లెబ్‌స్ట్ 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టి నదీతీరపు బంకమట్టితో వీటిని చేయించాడు. ఒకదాని గాడిలో మరొకటి కూర్చుంటుంది. అడుగున ఉన్న ముక్కులు వాసాల మీద అడ్డంగా కొట్టిన రీపరుకు తగులుకుంటాయి. రీపరు చెదపట్టినా, వాసం వంగినా గాడి విడిపోతుంది, నీరు లోపలికి దిగుతుంది. పైన పెంకు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

అందుకే తెలిసిన మేస్త్రీ పెంకులన్నీ దించి, ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే పక్కన పేరుస్తాడు. మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టే, పారేస్తాడు. మంచివన్నీ మళ్లీ కప్పెక్కుతాయి. కొత్తగా కొనాల్సింది రీపర్లూ, కొన్ని వాసాలూ, విరిగిన మేరకు పెంకులూ. పేర్చడం చూరు నుంచి మొదలై కొప్పు దగ్గర ముగుస్తుంది. కొప్పు పెంకులను పట్టి ఉంచే సున్నం బీటలిస్తే వాన అక్కడి నుంచే దూరుతుంది.

స్లాబు లెక్క వేరు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి, బరువు 40 కిలోల చుట్టుపక్కల. అంతే జాగాలో 10 సెంటీమీటర్ల కాంక్రీటు దాదాపు 250 కిలోలు తూగుతుంది. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు అంత బరువు మోయవు. కప్పు మారుద్దామని మొదలుపెట్టిన పని ఇల్లంతా పడగొట్టి పిల్లర్లు లేపేదాకా వెళ్తుంది.

అయినా సూరత్‌లో మేడ మీద మోజు ఊరికే రాలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ గేట్లెత్తినప్పుడు తాపీ నది నగరంలో చాలా భాగాన్ని ముంచింది. మేడ ఉన్నవాళ్లు పైకెక్కి నిలిచారు. పెంకుటింట్లో పైకెక్కే వీలేదీ?

మధ్యేమార్గంగా కనిపించేది సిమెంటు రేకు. తేలిక, చవక, రోజుల్లో పని పూర్తి. తెలుగువాళ్లకు హైదరాబాద్ ‘చార్మినార్’ రేకు తరతరాల పరిచయం. ఇబ్బంది అందులోని ఆస్‌బెస్టాస్‌తోనే. దాని రకాలన్నీ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అహ్మదాబాద్‌లోని వినియోగదారుల విద్యా, పరిశోధన కేంద్రం వేసిన కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. పాత రేకును దించేటప్పుడు సుత్తితో పగలగొట్టకూడదు, రంపంతో కోయకూడదు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా కిందికి దించాలి. దుమ్ము లేస్తే అది పీల్చేది పనివాళ్లూ, ఇంటివాళ్లూ.

రేకు తెచ్చే మరో కష్టం ఎండ. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి సూరత్ చేరి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన పద్మశాలీలకు ఈ ఉక్కపోత కొత్తేమీ కాదు. సిరిసిల్లలోనూ మగ్గం ఉన్న గదే వేడి, పైన రేకైతే చెప్పనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. తెల్లని పూత, తెల్లని టైల్స్ ఎండను తిప్పికొట్టి గదిని చల్లబరుస్తాయన్నది దాని ఆధారం. కప్పు మార్చే స్తోమత లేనివాళ్లు ఉన్న రేకుకే తెల్లపూత వేయించుకోవచ్చు.

పెంకునే ఉంచాలనుకున్న ఇంటికి గడువు వానే. సూరత్‌కు రుతుపవనాలు మామూలుగా జూన్ నెలలో చేరతాయి. కర్ర కొలతలూ కొనుగోళ్లూ ఏప్రిల్‌లోనే ముగించి, మే నెలలో ఒక వాలు పూర్తయ్యాకే రెండో వాలు విప్పితే, అకాల వాన వచ్చినా సగం ఇల్లు పొడిగా ఉంటుంది.