నడవని పిల్లలతో కొండకు

సెలవులు దగ్గరపడగానే ప్రతి ఇంటా ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఈసారి ఎక్కడికి? పల్నాటిలో ఈ ప్రశ్నకు ఎండే జవాబు చెబుతుంది. వేసవిలో పత్రిక తెరిస్తే, మిక్కిలి వేడిగా ఉన్న ఊళ్ల పట్టికలో రెంటచింతల పేరు తరచు కనిపిస్తుంది. మా దుర్గి ఆ ప్రాంతానిదే. ఇక్కడి రాతినేల పగలంతా తాగిన వేడిని రాత్రి తిరిగి కక్కుతుంది. ఇటువంటి చోట నివసించేవానికి కొండ అనే మాట చెవిని పడగానే మనస్సుకు చల్లగాలి సోకినట్లు ఉండడంలో వింత లేదు.

చిక్కంతా ఒక్కటే. కొండమీద కోరిక పెద్దలది. ఎక్కవలసిన కాళ్లు పిల్లలవి.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు మా పిల్లలిద్దరినీ తీసుకొని వెళ్లాను. గుడిదాకా ఘాట్ రోడ్డు ఉన్నది; బస్సులూ పోతున్నవి. అయినా మెట్లదారినే పట్టించాను. అందులో పుణ్యం ఉన్నదన్నాను, వ్యాయామం ఉన్నదన్నాను. నిజానికి ఉన్నది నా పట్టుదల ఒక్కటే. కొంతదూరం పోగానే చిన్నది మెట్టుమీద చతికిలపడింది. “అదుగో, ఆ మలుపే!” అని లేవదీశాను. ఆ మలుపు దాటితే మరొక మలుపు. మూడవసారి ఆ మాట అనేసరికి పిల్ల నా ముఖంలోకి చూసింది. తండ్రి అబద్ధమాడుతున్నాడని కనిపెట్టిన చూపు అది. నేను “సోమరిపోతు” అన్నాను. ఎట్లాగో పైకి చేరాము, దర్శనమూ అయినది. తిరిగి వస్తూ దారిలో పిల్ల అన్న మాట ఒక్కటే: “నాన్నా, ఇంకెప్పుడూ నన్ను కొండకు తీసుకొనిపోవద్దు.”

పిల్లవాని బుద్ధికి తగిన పాఠం చెప్పాలని బడిలో ఎన్నోమార్లు ఉపన్యసించినవాడిని. పిల్లవాని కాలికి తగిన కొండ చూపాలని ఎందుకు తోచలేదో!

ఆ రాత్రి మా అమ్మ మనుమరాలికి ఆ కొండ కథే చెప్పింది. పల్నాటిలో తెలియనివారు అరుదు. గొల్లభామ ఆనందవల్లి ప్రతిదినం కొండ శిఖరానికి ఎక్కి కోటేశ్వరుని సేవించేది. గర్భవతి అయినది, ఎక్కడం కష్టమైనది. “స్వామీ, ఇక రాలేను” అని మొరపెట్టుకొన్నది. “నేనే నీ వెంట వస్తాను, వెనుదిరిగి చూడకు” అన్నాడట దేవుడు. ఆమె ముందు, స్వామి వెనుక. కొండ పగిలినంత ధ్వని వినబడగా ఆమె భయపడి వెనుదిరిగింది. స్వామి అక్కడనే నిలిచిపోయినాడు. నేడు మనం సేవించే ఆలయం ఆ చోటనే వెలసినదంటారు. పాత కోటేశ్వరుని గుడి ఇంకా పైన ఉన్నది. ఆ క్షేత్రంలో గొల్లభామకూ గుడి ఉన్నది.

కథ ముగిసిన తరువాత పిల్ల అడిగింది: “దేవుడే దిగి వచ్చాడు గదా నాయనమ్మా, మరి నాన్న నన్నెందుకు ఎక్కించాడు?”

మా అమ్మ నా వంక చూసింది. నాకు సమాధానం తోచలేదు.

మరుసటి కార్తికంలో ప్రయాణం తిరిగి తలపెట్టినప్పుడు లెక్కను రెండవ కొసనుండి మొదలుపెట్టాను. శిఖరం ఎంత ఎత్తని కాదు, పిల్ల విసుగులేక ఎంతసేపు నడవగలదని. అరగంట అని తేలింది. అరగంట నడకలో ఇమిడే కొండ ఏది?

మాచర్ల అవతలనే ఉన్నది: నాగార్జునకొండ. దీని చిత్రమేమంటే, మనం కొండ ఎక్కకుండా నీరే కొండ ఎక్కింది. ఆ కొండ కింది లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుండి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి తిరిగి నిలిపారు. నీరు నిండిన తరువాత కొండ దీవి అయినది. విజయపురి సౌత్ నుండి లాంచీ ఎక్కితే దాదాపు కొండ నెత్తినే దిగుతాము. మిగిలినది కొద్దిపాటి నడక.

ఆ ప్రయాణంలో పాటించిన జాగ్రత్తలు ఉపాధ్యాయ మిత్రులకు పనికిరావచ్చును. రోజుకు ఒకే ముఖ్యమైన చూపు. రెండవది దొరికితే లాభమే. ఆ దారిలోనే ఎత్తిపోతల ఉన్నది. సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకే ఆ నీరు మాచర్ల పక్కన పారే చంద్రవంకదేనని చెప్పగానే పిల్లలకు అది చుట్టాన్ని చూసినట్లయినది. పైనుండి చూస్తే చాలును. కింద మొసళ్లు ఉన్నవి, నీట దిగరాదు. లాంచీలు గాలిని, నీటిమట్టాన్ని బట్టి నడుస్తవి. దీవిమీది వస్తుప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఈ రెండూ ముందే విచారించుకోవలె. పిల్లలకు నడక కాక వేరొక పని ఉండవలె. మా పిల్లలు ఉలిచప్పుడు వింటూ పెరిగినవారు. దుర్గి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అందుచేత “ఈ బొమ్మలో ఉలి ఎక్కడ మొదలుపెట్టి ఉంటుంది?” అని అడిగాను. అరగంట అనుకొన్నది రెండు గంటలైనది. కాళ్లు నొచ్చినవని ఎవరూ అనలేదు.

అయితే ఇవి చిన్న కొండలు, ఎండ తప్పించలేవు. కార్తికంనుండి మాఘంవరకు వీటికి తగిన కాలం. వేసవిలో చల్లదనమే కావలెనంటే మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ మేలు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ పేరు దానికి వచ్చింది. ఆ ప్రాంతంవారికి అది ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు సుమారు 4,100 అడుగులు. వేయి అడుగులు ఎక్కితే గాలి దాదాపు రెండు డిగ్రీలు చల్లబడుతుంది. అంటే సముద్రమట్టంతో పోలిస్తే పైన ఏడెనిమిది డిగ్రీలు తక్కువ అన్నమాట. విద్యార్థులు ఉష్ణమాపకం తీసుకొనిపోయి ఈ లెక్క సరిచూడవచ్చును. రోడ్డు పైదాకా ఉన్నది. మలుపుల దారిలో పిల్లలకు వాంతులు కాకుండా బయలుదేరే ముందు తేలిక ఆహారం పెట్టి, ముందువైపు కూర్చోబెట్టి, దూరాన ఉన్న కొండలను చూడమనవలె. పుస్తకం చేతికి ఇవ్వరాదు.

బండిలో కొండ ఎక్కడం చిన్నతనమనే పెద్దలు ఉన్నారు. స్విట్జర్లాండులో 1912నాటికే 11,300 అడుగుల ఎత్తుకు రైలు వేశారు. ముసలివారు, పసివారు అందులో ఎక్కి మంచు చూసి వస్తున్నారు. మంచు వారికి తక్కువ తెల్లగా కనిపించదు. నడిచేవాడు నడవవచ్చు, నడవనివానిని కొండకు దూరం చేయడం మాత్రం తగదు. బలవంతాన ఎక్కించిన కొండ ఒక్కసారే చూసిన కొండ. ఇష్టంగా చూపించిన కొండను జీవితమంతా చూస్తారు.

మొన్నటి కార్తికంలో ఆ చిన్నదే, ఇప్పుడు తానూ ఒక తల్లి, కోటప్పకొండకు పోదామన్నది. తాను మెట్లదారిన ఎక్కుతానన్నది. నేను సరేనని చెప్పులు సవరించుకొంటున్నాను. పిల్ల నా మోకాళ్లవైపు చూసింది.

“మెట్లు మరొకసారి చూద్దాం నాన్నా. ఇవాళ అందరమూ బస్సులో వెళదాం” అన్నది.