నక్కవాగు నీళ్లలో మందు

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద ముప్పై కిలోమీటర్లు పోతే పటాన్‌చెరు. జొన్న, కంది, శనగల మీద 1972 నుంచి పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ ఇక్కడే ఉంది. దేశదేశాల ఆసుపత్రులకు వెళ్లే మందుల ముడి సరుకు తయారయ్యేదీ ఇక్కడే. బల్క్ డ్రగ్ అంటే మాత్రలో ఉండే అసలు మందు పొడి. కిలో పొడి చేతికి రావాలంటే ఎన్నో కిలోల ద్రావకాలు, రసాయనాలు, వాటితోపాటు నీళ్లూ ఖర్చవుతాయి. మిగిలిన వ్యర్థజలం ఎటు పోవాలన్నదే ఈ ఊరి పాత ప్రశ్న.

మందుల పరిశ్రమకు హైదరాబాద్‌లో బీజం వేసింది బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్. డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. అక్కడ పని నేర్చిన కెమిస్టులు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు నిండాయి. రైతుబిడ్డలకు నెలజీతం వచ్చింది, బీదవాడికి యాంటీబయాటిక్ అందుబాటు ధరకు దొరికింది. ఈ మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

అయితే వ్యర్థాలు ఇసకవాగులో, అక్కడి నుంచి నక్కవాగులో కలిసి మంజీర నది దాకా పోయాయి. వాగు ఒడ్డు పల్లెల తరఫున 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఈ పోరాటానికే జీవితం అంకితం చేశారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ట్యాంకర్లలో తెచ్చిన వ్యర్థాలను అక్కడ సూక్ష్మజీవులే తిని శుభ్రం చేయాలి.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ నీళ్లలో ఉన్నది సూక్ష్మజీవులను చంపే మందు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం, శుద్ధి అయి బయటికొచ్చిన లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోలు! అప్పట్లో తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి ఐదు రోజులకు సరిపడా మందు అది. అంత మోతాదులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మామూలుది కాదు. ఆ కేంద్రంలో దొరికిన 93 బ్యాక్టీరియా నమూనాల్లో 86 శాతం ఇరవై లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగలేదని 2013లో తేలింది. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు కనిపించాయి. ప్రాణం నిలపాల్సిన మందు, ఫ్యాక్టరీ గోడ దాటగానే తన శక్తిని తానే తినేసుకుంటోంది. అందుకే ఈ లెక్కలో ఉద్యోగాలను ఒక పళ్లెంలో, పంటపొలాలను ఇంకో పళ్లెంలో పెట్టి తూచడం నాకు సరిపోదనిపిస్తుంది.

2009 నాటికి, శుద్ధి చేసిన నీటిని అంబర్‌పేట మురుగునీటి కేంద్రానికి తీసుకెళ్లే పైపులైను పనిచేయడం మొదలుపెట్టింది. వాగుకు కొంత ఊరట, భారం మాత్రం మూసీ నది వైపు జరిగింది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. వాటిని తిరిగి చేర్చాలి. శుద్ధి ఖర్చు మందు ధరలో కలవాలే తప్ప, చిట్కుల్, పోచారం రైతుల పొలాల మీద పడకూడదు.

ఈ ప్రాంతాన్ని చూడాలనుకునేవారికి కోఠి నుంచి 218 నంబరు బస్సు నేరుగా పటాన్‌చెరు వెళ్తుంది. లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్‌లో వచ్చి, అక్కడ బస్సు పట్టుకోవచ్చు. ఇక్రిశాట్ చూడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. వాగు ఒడ్డు ఊళ్లకు ఆటోలు దొరుకుతాయి. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి.